మోటారు బండి కుదుపు: కారణములు, పరీక్షలు, కనుమదారి జాగ్రత్తలు

ఈ పుటలలో మేము సాధారణముగా విత్తనశుద్ధిని గూర్చియు, కంది పైరునకు పట్టు పురుగులను గూర్చియు వ్రాయుదుము. ఈ మాసము ఎద్దును విడిచి ఇంజనును గూర్చి వ్రాయవలసి వచ్చినది. అందులకు కారణము లేకపోలేదు. మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో ఒకప్పుడు ఎద్దుల బండి నిలిచిన చావడిలోనే నేడు కారో, సరకులు మోయు చిన్న బండియో నిలిచియున్నది. వానిలో అనేకము ఒకరు వాడి అమ్మినవే. సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు ఎరువుల మాట ముగిసిన పిమ్మట మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి గలదు.

"సారూ, యాక్సిలేటరు తొక్కితే బండి ఎగిరి దూకుతాంది. కాలు తీస్తే ఎవరో ఎనక నుంచి పట్టి గుంజినట్టు ఆగుతాంది. ఏం చేయమంటారు?"

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు ముందు మా అనుభవమొకటి చెప్పుదుము. అది మాకు కీర్తి తెచ్చునది కాదు. అయినను చెప్పుట మేలు.

కొంతకాలము క్రిందట మన సభ్యుడొకరు ఒకరు వాడిన పెట్రోలు కారును కొనిరి. కొన్నది మొదలు దానికి ఈ కుదుపే. ఒక పట్టణములోని మరమ్మతుశాలవారు చూచి, ఇంజనులోనికి గాలిని వదలు థ్రాటిలు పెట్టెయు, ఇంజనును నడపు కంప్యూటరు పెట్టెయు రెండును మార్చవలెననిరి. ఆ సంవత్సరము అమ్మిన కందుల రొక్కములో చాల భాగము అందులకే పోయినది. కుదుపు మాత్రము పోలేదు. పిమ్మట ఒకనాడు వారు విత్తనముల పనిపై నంద్యాలకు పోవుచు మమ్మును వెంట తీసికొనిపోయిరి. వారి కుమారుడు బండి నడుపుచుండెను. దిగువమెట్ట దాటి, నల్లమల ఎక్కి, గాజులపల్లె వైపునకు దిగుచుండగా ఆ కుఱ్ఱవాడు కుదుపు భరింపలేక గేరు తీసి న్యూట్రలులో వదలెను. బండి మెత్తగా జారసాగెను. అందరికిని సుఖముగానే ఉండెను. మూడు నాలుగు వంకరలు తిరుగునప్పటికి బ్రేకు కాలిన వాసన వచ్చెను. మరియొక వంకర వచ్చునప్పటికి బ్రేకు క్రింది వరకు దిగి, పట్టు తప్పినది. కుఱ్ఱవాడు కంగారుపడక మూడవ గేరు, తరువాత రెండవ గేరు వేసెను. ఇంజను ఆర్చుకొనుచు బండిని పట్టినది. ఏ కుదుపునకు వెరచి గేరు తీసెనో ఆ పట్టే మా ప్రాణములను నిలిపినది. దారి వెడల్పైనచోట బండి నిలిపి, గంటసేపు చెట్టునీడను కూర్చుంటిమి.

"న్యూట్రలులో దిగితే పెట్రోలు మిగులుతుందని నీకెవరు చెప్పినారు?" అని తండ్రి కోపించెను. కుఱ్ఱవాడు మాటాడక మా వైపు చూచెను. ఔను, కొన్ని సంవత్సరముల క్రిందట వారి యింటి అరుగుపై కూర్చుండి పొదుపును గూర్చి ఉపన్యసించుచు ఆ మాట చెప్పినది మేమే. అది తప్పు. ఆ తప్పును దిద్దుకొనుటకే ఈ పాఠము.

నంద్యాలలో చిన్న రేకుల షెడ్డులోని మెకానిక్కు ఒకడు బండి ముందు మూత ఎత్తి, పది నిముషములలో జబ్బు కనుగొనెను. ఇంజనును పట్టియుంచు రబ్బరు దిమ్మె ఒకటి చినిగియుండెను. దానిని మార్చిన పిమ్మట కుదుపు పోయినది. మునుపు అయిన వ్యయముతో పోల్చిన ఈ వ్యయము వీసమెత్తు.

1. కుదుపు ఎట్లు పుట్టును?

మోట తోలిన పెద్దలకు ఈ సంగతి సులభముగా తెలియును. ఎడ్లు దిగుడు బాటలో నడచునప్పుడు మోకు బిగిసియున్నచో బాన మెల్లగా పైకి లేచును. మోకు వదులుగా ఉండి, ఎడ్లు ఒక్కసారి ముందుకు దూకినచో, మొదట వదులంతయు పోవును. పిదప మోకు తటాలున బిగిసి, ఎడ్లకును బానకును దెబ్బ తగులును. ఆ దెబ్బకు కారణము ఎడ్ల బలము కాదు, మోకులోని వదులు.

మోటారు బండిలో ఇంజను ఎడ్ల వంటిది. చక్రము బాన వంటిది. నడుమ క్లచ్చి, గేరు పెట్టె, షాఫ్టులు, వాని కీళ్లు మోకు వంటివి. యాక్సిలేటరు త్రొక్కినప్పుడు ఇంజను చక్రమును ముందుకు త్రోయును. కాలు తీసినప్పుడు చక్రమే ఇంజనును త్రిప్పును. అనగా బలము ఒక దిక్కునుండి మరియొక దిక్కునకు మారును. ఆ మార్పు జరుగు క్షణమున నడుమనున్న వదులంతయు ఒక వైపునుండి మరియొక వైపునకు పోయి తగులును. అదియే మనకు తెలియు కుదుపు. వదులు స్వల్పమైన కుదుపు స్వల్పము. వదులు హెచ్చిన కుదుపుతో పాటు 'టక్కు' మను శబ్దమును వినవచ్చును.

గేరు తగ్గినకొలది ఈ కుదుపు హెచ్చును. సామాన్యమైన చిన్న కారులో చక్రము ఒక చుట్టు తిరుగునప్పటికి మొదటి గేరులో ఇంజను సుమారు 14 చుట్లు తిరుగును. ఐదవ గేరులో సుమారు 3 చుట్లు మాత్రమే. కావున కాలి యొక్క అదే కదలిక మొదటి గేరులో నాలుగైదు రెట్లు బలముగా చక్రమునకు చేరును. సంతలో జనము నడుమ మొదటి గేరులో పోవుచు, కాలు త్రొక్కుచు తీయుచు నడుపువారికి కుదుపు తప్పదు. అది బండి జబ్బు కాదు.

2. కాలు తీసిన బండి ఏల ఆగును?

పెట్రోలు ఇంజనులో మనము కాలు తీయగనే గాలి దారిలోని రేకు మూసికొనును. ఇంజను తిరుగుచునే ఉండును. గాలి మాత్రము చాలదు. మూతి మూసిన గొట్టమునుండి గాలిని లాగుట ఎంత కష్టమో ఇంజనునకు అంత కష్టము కలుగును. ఆ కష్టము చక్రమును వెనుకకు పట్టును. డీజిలు ఇంజనులలో ఈ రేకు పట్టు అంతగా ఉండదు. లోపలి రాపిడి మొదలగువాని వలననే పట్టు కలుగును. అందువలననే బరువు లారీలకు పొగగొట్టమును మూసి పట్టు హెచ్చించు బ్రేకును ప్రత్యేకముగా అమర్చుదురు. దీనినంతయు ఇంజను బ్రేకు అందురు.

నేటి బండ్లలో మరియొక విశేషము గలదు. గేరులో ఉండి, ఇంజను వేగముగా తిరుగుచుండగా కాలు పూర్తిగా తీసినచో, కంప్యూటరు పెట్టె నూనెను పూర్తిగా నిలుపును. చక్రములే ఇంజనును త్రిప్పుచున్నందున అది ఆరిపోదు. వేగము చాల తగ్గిన పిమ్మట నూనె తిరిగి వదలబడును. నూనె నిలిచినప్పుడును, మరల వచ్చినప్పుడును స్వల్పమైన అదురు కలుగుట సహజము. న్యూట్రలులో దిగు బండికైతే ఇంజను ఆరకుండుటకు నూనె పోయుచునే ఉండవలెను. కావున అట్టి దిగుడునందు న్యూట్రలు పొదుపు కాదు, దండుగ. మేము అరుగుపై చెప్పిన మాట ఈ లెక్కయందును తప్పే.

3. జబ్బు ఎక్కడనున్నదో కనుగొను క్రమము

కుదుపు మూడు తావులలో పుట్టవచ్చును: నడుపువాని కాలియందు, ఇంజనునందు, ఇంజనునకు చక్రమునకు నడుమ. ఈ మూడింటిలో ఏదియో తెలియక సామానులు మార్చుట, ఏ తెగులో తెలియక మందు చల్లుటతో సమానము. వ్యయము లేని పరీక్షలు మొదట చేయవలెను.

మొదటి పరీక్ష, కాలు. అనుభవము గల మరియొకరిచేత అదే దారిలో బండిని నడిపించి చూడుడు. కుదుపు లేనిచో దోషము కాలిది. మడమను నేలపై ఆనించి, వ్రేళ్లతో మాత్రమే యాక్సిలేటరును అదుముట నేర్వవలెను. కాలు మొత్తము గాలిలో నుంచి త్రొక్కువారికి బండి ప్రతి గుంతకును దూకును. గుంత కాలిని కదలించును, కాలు ఇంజనును కదలించును. వదులు చెప్పులతోను, బురద కాళ్లతోను నడుపరాదు. కాళ్లక్రింద పరచు పట్టాను చూడుడు. అది జరిగి యాక్సిలేటరు క్రింద చేరిన కుదుపే కాదు, ప్రాణాపాయమును కలుగును. గోనెసంచిని మడిచి అక్కడ పరచు అలవాటు మనలో గలదు, అది మానవలెను.

రెండవ పరీక్ష, ఇంజను. బండిని సమతలమున నిలిపి, చేతి బ్రేకు వేసి, న్యూట్రలులో ఇంజనును నడుపుడు. యాక్సిలేటరును మెల్లగా అదిమి, మెల్లగా వదలుడు. ఇంజను శబ్దము ఏకధాటిగా హెచ్చి తగ్గవలెను. నడుమ తొట్రుపడినను, తటాలున లేచినను, ఇంజను విషయమునే విచారింపవలెను. చూడవలసినవి ఇవి:

గాలి వడపోత: మన ప్రాంతపు ఎఱ్ఱమట్టి దారులలోను, మార్కాపురము చుట్టుపట్లనున్న పలకరాతి గనుల బాటలలోను తిరుగు బండికి ఇది త్వరగా మూసికొనును. పుస్తకములో వ్రాసిన గడువుకంటె ముందుగానే చూడవలెను. కాగితపు వడపోతను నీటితో గాని కిరసనాయిలుతో గాని కడుగరాదు; పాడైనదానిని మార్చవలెను.

గాలి గొట్టము: వడపోతనుండి ఇంజనునకు పోవు రబ్బరు గొట్టము పగిలినను, బిగింపు వదులైనను దొంగగాలి చేరి ఇంజను తడబడును.

థ్రాటిలు రేకు: దాని అంచున మసి పేరుకొన్నచో రేకు మొదట అంటుకొని, పిదప ఒక్కసారి తెరచుకొనును. కాలు పెట్టగనే బండి దూకుటకు ఇది ప్రధాన కారణములలో నొకటి. తగిన ద్రవముతో శుభ్రపరచిన చాలును, పెట్టె మార్చనక్కరలేదు. పాత బండ్లలో యాక్సిలేటరు తీగతో రేకును లాగును. ఆ తీగ ఎండి పట్టివేసినను, వదులైనను ఇదే లక్షణము కనబడును. క్రొత్త బండ్లలో తీగ లేదు. కాలి కదలికను విద్యుత్తు ద్వారా కంప్యూటరు తెలిసికొని, చిన్న మోటారుచే రేకును త్రిప్పును.

నూనె, నిప్పు: పెట్రోలు బండిలో స్పార్కు ప్లగ్గులు, డీజిలు బండిలో నూనె వడపోత చూడవలెను. డీజిలు వడపోత అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలవలెను.

2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతట బీఎస్-6 నియమములు అమలులోనికి వచ్చిన పిమ్మట తయారైన బండ్లలో దోషములను కంప్యూటరు తానే గుర్తుపెట్టుకొనును. అంతకు ముందటి అనేక బండ్లకును ఈ ఏర్పాటు గలదు. స్కానరు తగిలించిన ఆ గుర్తులు తెలియును. అయితే స్కానరు చెప్పునది ఏ భాగమునుండి తప్పు లెక్క వచ్చుచున్నదో అంతవరకే. గొట్టము పగిలినను ఒక్కొక్కప్పుడు గాలిని కొలుచు భాగము పేరే చెప్పును. చినిగిన రబ్బరు దిమ్మెను గూర్చి అది ఏమియు చెప్పదు. మన సభ్యుడు నష్టపోయినది ఇచ్చటనే.

మూడవ పరీక్ష, నడుమనున్న వదులు. నిలిచియుండగా ఇంజను చక్కగా పలికి, నడచునప్పుడు మాత్రము కుదుపు కలిగినచో ఈ పరీక్ష చేయవలెను. జనసంచారము లేని సమతలపు దారిపై మూడవ గేరులో సుమారు 30 కిలోమీటర్ల వేగమున పోవుచు, యాక్సిలేటరును కొంచెము త్రొక్కుడు, కొంచెము వదలుడు. ప్రతి మార్పునకును 'టక్కు' మని వినబడినచో వదులున్నదని అర్థము. అప్పుడు మెకానిక్కుచేత మూడు చోట్లు చూపింపవలెను. మొదటిది, ఇంజనును పట్టియుంచు రబ్బరు దిమ్మెలు. ఇంజను త్రోయునప్పుడు ఒక వైపునకును, పట్టునప్పుడు మరియొక వైపునకును ఒరగును. దిమ్మె చినిగినచో ఈ ఒరుగుట హెచ్చి బండి ఊగును. రెండవది, షాఫ్టు కీళ్లు. వెనుక చక్రములతో నడచు సరకుల బండ్లలో క్రాసులు, ముందు చక్రముల కారులలో చక్రముల కడనున్న కీళ్లు. వాని రబ్బరు తొడుగులు చినిగిన కందెన పోయి, దుమ్ము చేరి, త్వరలోనే అరిగిపోవును. మూడవది, క్లచ్చి పలకలోని చిన్న స్ప్రింగులు. అవి కుదుపును మ్రింగుటకే ఉన్నవి. విరిగినచో కుదుపును ఆపునది లేదు.

మరమ్మతుశాలకు పోవునప్పుడు "బండి కుదుపుతాంది" అని మాత్రము చెప్పి ఊరకుండరాదు. ఏ గేరులో, ఎంత వేగమున, ఇంజను చల్లగానున్నప్పుడా వేడిగానున్నప్పుడా, కాలు పెట్టినప్పుడా తీసినప్పుడా అను నాలుగు సంగతులను కాగితముపై వ్రాసికొని పోవుడు. మార్చిన పాత సామానును అడిగి తీసికొనుడు. పశువైద్యునికి మేత, పేడ, జ్వరము చెప్పినట్లే ఇదియును.

4. కనుమ దిగువారికి

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడువరకు మన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. మన పెద్దలు పనులపై నంద్యాల, కర్నూలు పోవుటకు నల్లమలను దాటవలసియుండెను. దిగుడు వచ్చినప్పుడు ఎద్దుల బండి బరువు ఎడ్ల మెడమీదికి వచ్చును. తెలిసిన రైతు కాడి విప్పి బండిని వదలడు. చక్రమునకు అడ్డు వేయును, ఎడ్లను నిలద్రొక్కుకొనునట్లు మెల్లగా నడుపును. న్యూట్రలులో దిగుట కాడి విప్పి బండిని వాలున వదలుటయే.

లెక్క చూడుడు. 10 క్వింటాళ్ల బరువుగల కారు 100 మీటర్ల ఎత్తు దిగునప్పుడు వెలువడు శక్తి యంతయు వేడిగా మారినచో, సుమారు 3 లీటర్ల నీటిని మరిగింపజాలును. సరకుతో కూడి 25 క్వింటాళ్లైన బండికి 8 లీటర్లు. గేరు లేనిచో ఈ వేడిలో చాల భాగము బ్రేకులకే చేరును. అవి కాలి, రాపిడి తగ్గి, వానిలోని ద్రవము మరగి బుడగలు కట్టిన పిదప కాలు ఎంత త్రొక్కినను ఫలము లేదు. ఇంజనును ఆర్పి దిగువాని గతి మరింత కష్టము: రెండు మూడు త్రొక్కుళ్లలో బ్రేకు సాయబలము పోవును, స్టీరింగు బిగిసికొనును.

కావున దిగువమెట్ట దారిని గాని, దోర్నాలనుండి శ్రీశైలము పోవు దారిని గాని పట్టువారు ఈ నియమములు పాటింపవలెను.

ఒకటి: ఎక్కుటకు ఏ గేరు కావలయునో దిగుటకును ఆ గేరే. వాలు ఆరంభము కాకముందే దానిని వేయవలెను. గేరు తమంతట తామే మార్చుకొను బండ్లలోను తక్కువ గేరున నిలుపు ఏర్పాటుండును, దానిని వాడుడు.

రెండు: గేరు తగ్గించునప్పుడు ఒక్కొక్క మెట్టు చొప్పున తగ్గించి, క్లచ్చిని మెల్లగా వదలవలెను. ఒక్కసారి వదలిన బండి విసురుగా ఆగును. వాన తడిపై, అందును వెనుక చక్రములతో నడచు సరకుల బండికి, వంకరలో అట్టి విసురు తగిలినచో వెనుక భాగము జారును. వంకరకు ముందే గేరు తగ్గించి, వంకరలో కాలిని నిలుకడగా ఉంచవలెను.

మూడు: బ్రేకుపై కాలు ఆనించియే దిగరాదు. వేగము హెచ్చినప్పుడు గట్టిగా త్రొక్కి తగ్గించి, పూర్తిగా వదలవలెను. నడుమ బ్రేకులు చల్లారును.

నాలుగు: ఇంజను పట్టున బండి ఆగునప్పుడు సాధారణముగా వెనుక ఎఱ్ఱదీపము వెలుగదు. వెనుక వచ్చువానికి మీరు ఆగుచున్న సంగతి తెలియదు. కావున బ్రేకును ఒకసారి తేలికగా తాకి దీపమును చూపుడు.

ఐదు: ఇరుకుచోట ఎక్కు బండికి దిగు బండి దారి ఈయవలెను. దోర్నాల దారిలో రాత్రి అటవీ ద్వారము మూయుదురని తొందరపడి దిగువారున్నారు. ముందుగా బయలుదేరుట ఒక్కటే దానికి మందు.

ఆరు: సరకుల బండి వెనుక మనుష్యులను ఎక్కింపకుడు. కోతకూలీలను అట్లు తీసికొనిపోవుట చట్టవిరుద్ధము. నిలుచున్నవారికి ఈ కుదుపు ఒక్కటి చాలును.

5. సంఘము చేయదగినది

సభ్యులందరును స్కానరులు కొననక్కరలేదు. విత్తన శుద్ధి యంత్రమును ఉమ్మడిగా వాడుకొన్నట్లే, సంఘము ఒక స్కానరును కొని ఉంచవచ్చును. మిర్చి బస్తాలు వినుకొండ మీదుగా గుంటూరు యార్డునకు బయలుదేరు కాలమునకు ముందు, ఒక దినము నమ్మకముగల మెకానిక్కును పిలిపించి, సభ్యుల బండ్లకు బ్రేకులు, దిమ్మెలు, కీళ్లు, వడపోతలు చూపింపవచ్చును. కార్యవర్గము వచ్చు సమావేశమున ఈ విషయము ఆలోచింపవలెనని మా విన్నపము.

ఆ కుఱ్ఱవాడు ఇప్పుడును నంద్యాలకు పోవుచున్నాడు. మొన్న కనబడి, "సార్, ఎక్కిన గేరులోనే దిగుతాండా" అని చెప్పెను. మేము వానికి మొదట చెప్పవలసిన మాట అదియే. చదువరులలో ఎవరికైనను మేము మునుపు ఆ తప్పుమాట చెప్పియుండినచో, వారు దానిని మరచి దీనిని పాటింపగోరుచున్నాము.